కేసముద్రంలో జలాంతర్గామి

మా పుట్టింటి ఊరు కేసముద్రమని చెప్పగానే కొత్తవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, "అయితే సముద్రం దగ్గరేనా అండీ?" అని. దగ్గరే, రైలెక్కి విజయవాడ దాటి ఇంకా కొంతదూరం పోతే వస్తుంది! మహబూబాబాద్ జిల్లాలో, కాజీపేట నుంచి విజయవాడ పోయే రైలు దారి మీద ఉన్న ఊరు మాది. మిరప, పసుపు, మక్కలు గుట్టలు పోసే మార్కెట్టు యార్డు, ఆ ఘాటుకి తుమ్ముకుంటూ తిరిగే జనం, ఒక స్టేషను, చెరువు – ఇదీ మా సముద్రతీరం. మా అమ్మకి డెబ్భై రెండేళ్ళు. ఆవిడ సముద్రాన్ని సినిమాల్లో తప్ప ఎక్కడా చూడలేదు.

అసలు మా వైపు సముద్రమంటే చెరువే. కాకతీయులనాడు పెద్ద చెరువు తవ్విస్తే దానికి సముద్రమని పేరు పెట్టుకునేవాళ్ళు. మా జిల్లాలోనే బయ్యారంలో గణపతిదేవుడి తోబుట్టువు మైలాంబ తవ్వించిన చెరువు పేరు ధర్మకీర్తి సముద్రం. శాసనం వేయించి మరీ చెప్పిందావిడ. ఇక మా ఊరు పేరుకి తగ్గట్టు నిజంగా సముద్రమైంది ఒక్కసారే. 2024 సెప్టెంబరు 1న కురిసిన వానకి ఇంటికన్నెకీ కేసముద్రానికీ మధ్య పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, పట్టాలు గాల్లో వేలాడాయి. రైళ్ళు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

అలాంటి ఊళ్ళో ఒక జలాంతర్గామిని నేను కళ్ళారా చూశాను. అదీ మా తమ్ముడి ఎరువుల దుకాణంలో ఖాతాలు రాసుకోడానికి కొన్న పాత కంప్యూటర్లో.

ఫిబ్రవరి మొదట్లో మా మరదలు ఫోన్ చేసింది. "వదినె, ఒకసారి వచ్చిపో" అంది. ఆ పిల్ల ఫోన్ ఎత్తితే అరగంటకి తక్కువ మాట్లాడదు. ఆ రోజు ఆ ఒక్క ముక్కే. నేను రెండు చీరలూ, బి.పి. మాత్రలూ సంచిలో పడేసుకుని హనుమకొండ నుంచి బయల్దేరాను.

సంగతేమిటంటే, మా తమ్ముడి కొడుకు, మేమందరం చిన్నోడని పిలుచుకునేవాడు, లెక్కల్లో స్కూలంతటికీ మొదటివాడు. పదో తరగతి అయింది. ఇంకేం, పట్నంలో పెద్ద కాలేజీ, అక్కడే హాస్టలు. ఏ కాలేజీ అని అడక్కండి. అన్నీ ఒక తాను గుడ్డలే. వారం వారం పరీక్ష, వారం వారం గోడమీద పేర్ల వరస. దసరా నాటికి మావాడి పేరు ఆ వరసలో కొంత దిగింది. దీపావళికి మరికొంత దిగింది. సంక్రాంతి సెలవులయ్యాక సెక్షనే మార్చేశారు. వారం తిరక్కుండా ఒక రాత్రి హాస్టలు గోడ దూకి, దొరికిన రైలెక్కి, తెల్లవారుజామున అమ్మ వాకిట్లో ముగ్గు వేస్తుంటే ఎదురుగా వచ్చి నిలబడ్డాడట. సంచి లేదు. కాళ్ళకి చెప్పులు లేవు.

అప్పటినుంచి పదిహేను రోజులుగా వాడు గడప దాటలేదు. మాట్లాడడు. పగలు పడుకుంటాడు. రాత్రి కంప్యూటరు ముందు కూచుంటాడు. మా తమ్ముడు ఒకరోజు అరిచాడు, ఒకరోజు బతిమాలాడు, ఒకరోజు తనే ఏడ్చాడు. మూడింటికీ వాడి జవాబు ఒకటే – తలుపు మూసుకోవడం.

నేను వెళ్ళగానే మరదలు వంటింట్లోకి పిలిచి, పోపులడబ్బా కింద దాచిన కాగితం తీసి చేతిలో పెట్టింది. వాడి దిండు కింద దొరికిందట. అందులో అన్నీ రాత్రివేళలు. 10.42, 10.45. 11.20, 11.25. 1.08, 1.10. రెండేసి చొప్పున కాగితం నిండా. "ఇవి గూడ్సు బండ్లు పొయ్యే టైములు వదినె" అంది. అంతకుమించి అనలేకపోయింది.

మా ఇల్లు పట్టాలకి రెండు పొలాల అవతల. రాత్రంతా బొగ్గు బండ్లు, సిమెంటు బండ్లు పోతూనే ఉంటాయి. పుట్టినప్పటినుంచి ఆ చప్పుడులోనే నిద్రపోయినవాళ్ళం మేము. ఇప్పుడు మాత్రం బండి చప్పుడు వినపడగానే అమ్మ లేచి, వాడి గది తలుపు సందులోంచి చూసి, మళ్ళీ వచ్చి పడుకుంటోంది. ఎందుకు లేస్తున్నావని మేమెవరం అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

"నువ్వు కథలు రాస్తవు గద, నువ్వే మాట్లాడు అక్కా" అన్నాడు తమ్ముడు. రాయడానికేం, నా నవలల్లో దారి తప్పిన కుర్రాళ్ళని కనీసం డజనుమందిని దారిలో పెట్టాను. ఒక ఉత్తరం, ఒక వాన, ఒక అత్తయ్యగారి హితబోధ – మూడు పేజీలు తిరిగేసరికి వాడు బాగుపడి తీరతాడు. ఆ ధైర్యంతో మర్నాడు వాడికి ఇష్టమని అమ్మ కాల్చిన సర్వపిండి పళ్ళెంలో పెట్టుకుని గదిలోకి వెళ్ళి, మంచం మీద కూచుని, "చూడు నాన్నా, జీవితమన్నాక..." అని మొదలుపెట్టాను. వాడు పళ్ళెం అందుకున్నాడు. సర్వపిండి తిన్నాడు. పళ్ళెం నా చేతికిచ్చి, గోడవైపు తిరిగి దుప్పటి ముసుగుపెట్టాడు. నా జీవితమన్నాక అక్కడే ఆగిపోయింది.

ఆ రాత్రి పన్నెండు దాటాక బొగ్గుబండి ఒకటి పోయింది. అమ్మ కంటే ముందు నేను లేచాను. వాడి గదిలో దీపం వెలుగుతోంది. తెరమీద నల్లటి సముద్రం, అలలు. బల్లమీద గ్రాఫు కాగితాలు, జామెట్రీ బాక్సు, నమిలిన పెన్సిలు. నేను మంచినీళ్ళకి వచ్చినదానిలా కూజా దగ్గర కాసేపు నిలబడి, తర్వాత చప్పుడు చెయ్యకుండా స్టూలు లాక్కుని కూచున్నాను. వాడు పొమ్మనలేదు.

రెండో రాత్రీ అంతే. మూడో రాత్రి ఉండబట్టలేక, "ఒరే, ఓడ అటుంటే నువ్వేమిటి ఇటు పోతున్నావు?" అన్నాను. నా జన్మలో నేనడిగిన తెలివితక్కువ ప్రశ్నలన్నిటిలోకీ అంత లాభం తెచ్చినది మరొకటి లేదు. వాడు తల తిప్పి, ఈవిడకి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి దేవుడా అన్నట్టు చూసి, "ఓడ ఉన్న కాడికి పోతే ఏమొస్తది అత్తమ్మా? మనం పొయ్యేసరికి అది ఆడ ఉండది గద" అన్నాడు. పదిహేను రోజుల్లో ఇంట్లో వాడు మాట్లాడిన మొదటి పెద్దమాట అది.

ఆ ఆట పేరు సైలెంట్ హంటర్. 2005లో వచ్చిన మూడోదట ఇది. రెండో ప్రపంచయుద్ధం నాటి జర్మనీ జలాంతర్గామికి మనమే కెప్టెన్లం. ఎక్కడో సరుకుల ఓడ ఒకటి ఫలానా దిక్కుకి ఫలానా వేగంతో పోతోందని రేడియోలో కబురొస్తుంది. విశాలమైన సముద్రంలో దాన్ని పట్టుకోవాలి. పట్టుకోవడమంటే, ఆ ఓడా మన పడవా ఒకే వేళకి ఒకేచోట ఉండాలి. అదంతా గీతలతోనే తేల్చాలి. నేనేమో బి.ఏ. తెలుగు, చరిత్ర, రాజనీతిశాస్త్రం. చిన్నప్పుడు లెక్కల మాస్టారొకాయన "ఆడపిల్లవు, నీకీ త్రిభుజాలతో పనేముందమ్మా" అంటే, బాధపడటం మాని, పీడా వదిలిందని సంతోషించిన ఘనురాలిని. ఆ సంతోషానికి శిక్ష అర్ధరాత్రి కేసముద్రంలో పడింది.

వాడు చెప్పినట్టే చెబుతాను. మీరూ కాగితం తీసుకోండి, వంటింట్లో పాల లెక్క రాసుకునేదైనా సరే. మన పడవ ఇక్కడ. ఓడ సరిగ్గా ఉత్తరాన 30 మైళ్ళ దూరంలో. సముద్రపు మైళ్ళు సుమండీ, ఒక్కొక్కటి 1.852 కిలోమీటర్లు. ఓడ గంటకి 8 మైళ్ళ చొప్పున తూర్పుకి పోతోంది. మన పడవ గంటకి 10 మైళ్ళు పోతోందనుకోండి. నా బోటిది ఏం చేస్తుంది? ఓడ కనపడ్డ చోటికి నేరుగా ఉత్తరానికి పరిగెత్తుతుంది. మూడు గంటల్లో చేరుతుంది. అక్కడ ఏముంటుంది? నీళ్ళు! ఓడ 24 మైళ్ళు తూర్పుకి వెళ్ళిపోయి ఉంటుంది.

"సరే, అది జరుగుతుంటే నేనూ మూతి తిప్పుకుంటూ దానివైపే పోతాను" అన్నాను. "పో" అన్నాడు. వాడే గీశాడు. గీత వంకర తిరిగి తిరిగి, చివరికి ఓడ తోక వెనక చేరింది. దొరికిందనుకోండి, కాని 8 గంటల 20 నిమిషాలు పట్టింది. అదే మొదట్లోనే ఉత్తరానికీ తూర్పుకీ మధ్య అడ్డంగా, ఓడ రాబోయే చోటికి బయల్దేరితే 5 గంటలే. ఓడ ఆ అయిదు గంటల్లో 40 మైళ్ళు తూర్పుకి పోతుంది. మనం ఏటవాలుగా 50 మైళ్ళు పోతాం. మొదట మధ్యనున్న దూరం 30. ముప్ఫై, నలభై, యాభై. "గిది పైథాగరసే గద అత్తమ్మా, ఎనిమిదో తరగతిది" అన్నాడు జాలిగా.

వాడా వంకర గీత గీస్తుంటే నాకు మా నాయిన గుర్తొచ్చాడు. మా చిన్నతనంలో లేగదూడ తాడు తెంపుకుంటే నేనూ తమ్ముడూ దాని వెనకాలే పడి పొలమంతా తిరిగేవాళ్ళం. అచ్చం ఆ కాగితం మీది గీతలాగే. నాయిన మాత్రం చుట్ట ఆర్పకుండా, తొందర లేకుండా, గట్టుమీంచి అడ్డంగా నడిచి బావి దగ్గర నిలబడేవాడు. దూడ తనంతట తనే వచ్చి ఆయన చేతుల్లో పడేది. "దాని ఎనుక ఉరుకుడు గాదు, అది యాడికొస్తదో ఆడికి పోవాలె" అనేవాడు. ఆయన సంతకం తప్ప రాయలేని మనిషి. ఈ మాట చెబితే చిన్నోడు పెన్సిలు ఆపి, "తాత గిట్ల చేస్తుండెనా?" అన్నాడు. వాడు తాతని చూడలేదు.

ఇక అసలు కిటుకు చెబుతాను, ఇది నాకు నాలుగు రాత్రులు పట్టింది. మన పడవ ఉన్న చుక్క దగ్గర ఓడ ఒక గంటలో పోయే దూరాన్ని, ఓడ పోయే దిక్కుకే, ఒక బాణంగా గియ్యాలి. ఆ బాణం మొన నుంచి, మనకి ఓడ కనపడే దిక్కుకి ఒక గీత. ఇప్పుడు మన చుక్క మీద కంపాసు ముల్లు గుచ్చి, మనం గంటలో పోగలిగిన దూరమంత వృత్తం తిప్పాలి. వృత్తం ఆ గీతని ఎక్కడ కోస్తే అటే మన దారి. ఇంతే! పైన చెప్పిన లెక్కకి వేసి చూసుకోండి: బాణం 8, వృత్తం 10, కోసినచోటికి బాణం మొన నుంచి సరిగ్గా 6. అంటే ఓడకీ మనకీ మధ్య దూరం గంటకి ఆరేసి మైళ్ళు తరుగుతుందన్నమాట. ముప్ఫైని ఆరుతో భాగిస్తే అయిదు గంటలు. నలభై ఆరేళ్ళు వచ్చాక మొట్టమొదటిసారి కంపాసుతో నేను గీసినది నేననుకున్నచోటే కలిసింది. అర్ధరాత్రని మర్చిపోయి చప్పట్లు కొట్టాను. అమ్మ పరిగెత్తుకొచ్చి తలుపు తీసి, మా ఇద్దర్నీ చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది.

"వృత్తం గీతని తాకకపోతే?" అన్నాను.

"అది మనకు అందది. ఇడిసిపెట్టాలె" అన్నాడు. కాసేపాగి, "వేరే ఓడ వస్తది" అన్నాడు. నేను కాగితం వైపే చూస్తూ కూచున్నాను.

ఈ లెక్క జర్మనీవాళ్ళదీ కాదు, కంప్యూటరుదీ కాదు. భాస్కరాచార్యుడి కూతురు లీలావతి కథ మీకు తెలిసే ఉంటుంది. నీళ్ళగడియారంలో ముత్యం పడి, రంధ్రం మూసుకుపోయి, పెళ్ళి ముహూర్తం తప్పిందనీ, ఆ బిడ్డ పేరుతో తండ్రి గణితం రాశాడనీ చెప్పుకునే కథ. ఎంత నిజమో గాని, ఆ కథ మీద నేనొక రేడియో నాటిక కూడా రాశాను. కథ మటుకే తెలుసు నాకు. 1150లో వచ్చిన ఆ పుస్తకంలో ఏముందో తెలియదు. చిన్నోడికి తెలుసు. ఎనిమిదో తరగతిలో ఎవరో మంచి మాస్టారు చెప్పారట. తొమ్మిది మూరల స్తంభం మీద నెమలి కూచుంది. స్తంభం మొదట్లో పాము కన్నం. ఇరవై ఏడు మూరల దూరం నుంచి పాము కన్నం వైపు వస్తోంది. నెమలి దూకింది. రెండూ సమానమైన దూరం పోయి కలుసుకున్నాయి. కన్నానికి ఎంత దూరంలో? పన్నెండు మూరలు. పాము పదిహేను పాకింది, నెమలి పదిహేను దూకింది. చూశారా, నెమలి కూడా పాము ఉన్నచోటికి దూకలేదు.

ఇక పొంచి ఉండటం గురించి. ఆ జలాంతర్గామి నీటిపైన గంటకి 17 మైళ్ళ దాకా పోగలదు. మునిగిందా, ఏడుకి కాస్త పైన, అదీ బ్యాటరీలు ఉన్నంతసేపే. అంచేత వెనక నుంచి తరిమి పట్టుకోవడం కల్ల. పైపైన చుట్టు తిరిగి ఓడ కంటే ముందుకి పోయి, దాని దారిలో మునిగి, చప్పుడు చెయ్యకుండా కూచోవాలి. నీటి కింద కళ్ళు పనిచెయ్యవు, చెవులే. నీటిలో చప్పుడు వినే యంత్రం ఒకటుంటుంది. అది చప్పుడు ఏ దిక్కునుంచి వస్తోందో చెబుతుంది గాని ఎంత దూరమో చెప్పదు. పైగా మన ఇంజను గట్టిగా తిరుగుతుంటే ఆ చప్పుడులో అవతలిది వినపడదు. ఇంజను ఆపాలి, అప్పుడు వినాలి. వాడిది చెబుతుంటే నాకు సర్వపిండి పళ్ళెం గుర్తొచ్చి సిగ్గేసింది.

"మరి వేగం ఎట్లా తెలుస్తుందిరా, కబురు రాకపోతే?" అని అడిగాను ఒక రాత్రి.

వాడు దిండు కిందినుంచి కాగితం తీశాడు. మరదలు పోపులడబ్బా కింద దాచి, మళ్ళీ వాడికి తెలియకుండా పెట్టేసిన ఆ కాగితమే. నా చేతులు చల్లబడ్డాయి.

"జూడు. బండి స్టేషన్ల కూత పెడతది. మళ్ళ గేటు కాడ కూత పెడతది. నడుమ రెండున్నర కిలోమీటర్లు. రెండు కూతల నడుమ రెండు నిమిషాలైతే గంటకు 75. మూడైతే 50. అయిదైతే 30. మంచంల పండుకోనే చెప్పొచ్చు యే బండి ఎంత జోరుమీద పోతున్నదో." పక్కనే ప్రతి జంటకీ ఎదురుగా చిన్న అంకెలు ఇప్పుడు కనిపించాయి నాకు. 50. 30. 75. అవి మొదటినుంచీ ఉన్నాయో, తర్వాత రాశాడో నాకు తెలియదు. నేను అడగలేదు. పొద్దున్నే ఆ కాగితం మీది లెక్క మరదలికి చెబితే ఆమె పొయ్యి ముందు చతికిలబడి చాలాసేపు కొంగుతో మొహం తుడుచుకుంటూనే ఉంది.

ఇంకొక సంగతి గమనించాను. మావాడు అంత లెక్క వేసి, ఓడ దారిలోకి నిమిషం తప్పకుండా చేరి, పెరిస్కోపు ఎత్తి చూస్తాడు. ఓడ ఎదురుగా పోతుంది. పోనిస్తాడు. పేల్చడు.

"పేల్చవేం?"

"పేలిస్తే ఆడ మనుషులుంటరు గద" అని, ఆ మాట తనకే చిన్నతనమనిపించిందేమో, "పేల్చుడు రెండు నిమిషాల పని. ఆడికి పోవుడే ఆట" అని సవరించాడు.

మనుషులుండేవాళ్ళు మరి. బ్రిటిషు సరుకుల ఓడల్లో బొగ్గు వేసేవాళ్ళూ వంటవాళ్ళూగా మన దేశపు లస్కర్లు వేలమంది ఉండేవాళ్ళని నేను చరిత్రలో చదువుకున్నదే. జలాంతర్గాముల్లోని వాళ్ళు మాత్రం సుఖపడ్డారా? ఆ యుద్ధంలో జర్మనీ జలాంతర్గాముల్లో పోయినవాళ్ళు నలభై వేలమందైతే ముప్ఫై వేలమంది దాకా తిరిగి రాలేదు. మన విశాఖ దగ్గరే 1971 డిసెంబరు 3-4 రాత్రి పాకిస్తాన్ ఘాజీ మునిగిపోయింది, తొంభైమందికి పైగా మనుషులతో. మన రాజ్‌పుత్ నౌక దెబ్బకని మనవాళ్ళు, లోపలి ప్రమాదమని వాళ్ళు. 2017లో వచ్చిన తెలుగు సినిమా చూసే ఉంటారు. విశాఖ బీచిలో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామిని నేను చూశాను. 91 మీటర్ల పొడుగు, డెబ్భైమందికి పైగా మనుషులు, వంటిల్లు చూస్తే మా ఇంటి దేవుడి గదంత. అందులో చపాతీలు చేసినవాడెవడోగాని వాడికి దండం పెట్టుకుని వచ్చాను. ఇదంతా చెబితే చిన్నోడు నవ్వాడు. "అందరు టార్పెడోలు జూస్తరు, నువ్వు చపాతీలు జూసినవా" అన్నాడు.

హాస్టలు సంగతి వాడు చెప్పిన రోజు నేనేమీ అడగలేదు. మర్నాటి ప్రయాణానికి చీరలు మడతపెట్టుకుంటున్నాను. వాడు స్కేలు మీద పెన్సిలు దొర్లిస్తూ, "గిదే లెక్క ఆడ గూడ ఉంటది అత్తమ్మా" అన్నాడు. వానలో నడిచే మనిషి గొడుగు ఎంత వంచాలి, ఏటికి అడ్డంగా పడవ ఎటు నడపాలి – ఇంటరు మొదటి ఏడు ఫిజిక్సులో అంతా ఇదేనట. "ఆడ నిమిషంన్నర టైము. బొమ్మ గియ్యనియ్యరు. సూత్రం, జవాబు. నాకు బొమ్మ గియ్యకుంటే రాదు. నేను బొమ్మ గీసేసరికి వాళ్ళు మూడు లెక్కలు అవతల ఉంటరు. రాత్రి పండుకుంటే గోడమీది లిస్టు కనపడేది. నా పేరు కింది నుంచి యెన్నోదో లెక్కబెట్టుకునేటోణ్ణి." ఇంకా కొన్ని చెప్పాడు. అవి ఇక్కడ రాయను, వాడివి. నేను చీర మడత విప్పి మళ్ళీ మడిచాను. మళ్ళీ విప్పి మళ్ళీ మడిచాను. ఒక్క చీరతోనే గంట గడిపాను.

మా తమ్ముడికి చెప్పవలసినవి మాత్రం గట్టిగానే చెప్పాను. కట్టిన ఫీజు ముచ్చటెత్తాడు. ఎత్తడా మరి, మిరపపంట మీది డబ్బు. కాని ఆ రాత్రి వాడు కూడా వచ్చి గదిలో స్టూలు మీద కూచున్నాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. మార్చి పరీక్షలు ఇంటినుంచి పోయి రాసేట్టు, రెండో ఏడు మహబూబాబాద్‌లో చదువుకునేట్టు అనుకున్నారు. అయితే అయింది, లేకపోతే లేదు.

బయల్దేరేనాడు స్టేషనుకి వాడొస్తాడని నేను అనుకోలేదు. రాలేదు కూడా. "నువ్వు బండెక్కు. నేను గేటు కాడ కలుస్త" అన్నాడు. గేటు ఊరికి అవతల, వరంగల్ వైపు. వాడు గడప దాటి నెల కావస్తోంది. మరదలు నావైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. అమ్మ తాత సైకిలు దులిపి, టైర్లు నొక్కి చూసి, "గాలి ఉన్నదిరా" అంది.

ప్యాసింజరు కూతపెట్టి కదిలింది. నేను కిటికీ దగ్గర కూచుని పొలాల వైపు చూస్తున్నాను. కాసేపటికి మొక్కజొన్న చేల మధ్య బండిదారి మీద దుమ్ము లేచింది, ఆ దుమ్ము ముందు సైకిలు. నా కిటికీకి నాలుగు ఊచలు. సైకిలు మొదట నాలుగో ఊచకి అవతల ఉంది. బండి జోరందుకున్నకొద్దీ వెనక్కి జరిగి మూడో ఊచ దగ్గరికి వచ్చింది. అక్కడ ఆగిపోయింది. ఆగడమంటే వాడు ఆగలేదు, తొక్కుతూనే ఉన్నాడు, పెద్దవాడవుతూనే ఉన్నాడు. ఊచ మాత్రం దాటడం లేదు. అదేమిటో వాడే నేర్పాడు నాకు. ఎదురొచ్చేది మన చూపులో ఎటూ జరక్కుండా దగ్గరవుతుంటే రెండూ ఒకేచోట కలుస్తాయని అర్థం. 1972లో దేశాలన్నీ కూచుని రాసుకున్న సముద్రపు నిబంధనల్లో కూడా ఉందట, దిక్కు మారకపోతే ఢీకొనే ప్రమాదం ఉన్నట్టేనని. ముందుకన్నా పోరా, వెనక్కన్నా పోరా అని నేను ఊచని గట్టిగా పట్టుకున్నాను. మూడో ఊచ. ఇంకా మూడో ఊచే. బొగ్గుబండి చప్పుడుకి లేచిన అమ్మ మొహం కళ్ళముందుకి వచ్చింది.

గేటు వేసి ఉంది. అవతల ఒక ట్రాక్టరు, రెండు మోటారు సైకిళ్ళు. వాటి పక్కన వాడు, ఒక కాలు నేలమీద, ఒక కాలు పెడలు మీద. నావైపు చూడటం లేదు, చేతి గడియారం చూసుకుంటున్నాడు. నేను చెయ్యి ఊపేలోపే గేటు వెనక్కి వెళ్ళిపోయింది.

అర నిమిషంలో ఫోన్ మోగింది.

"పదకొండు సెకన్లు లేటైన అత్తమ్మా. వాగు కాడ ఇసుకల చక్రం దిగబడ్డది."

వాడి వెనక గేటు లేస్తున్న చప్పుడు, మోటారు సైకిళ్ళ హారన్లు వినపడుతున్నాయి. నా గొంతు పెగలడానికి కొంచెంసేపు పట్టింది. "ఇంటికి ఏ దారిన పోతావురా?" అన్నాను.

"మార్కెట్ దిక్కు నుంచి. నానమ్మ కొత్తిమీర తెమ్మన్నది."